భుజాలు వదిలెయ్ చిన్నీ

ఫిల్మ్‌నగర్‌లో సత్యలక్ష్మి మొహం ఎవరికీ తెలియదు. గొంతు తెలియనివాళ్ళు మాత్రం లేరు. పాతికేళ్ళకు పైగా తెలుగు రాని హీరోయిన్లకు తెలుగు అరువిచ్చిన మనిషి ఆవిడ. ముంబయి నుంచి దిగిన పిల్ల కెమెరా ముందు పెదాలు ఎలాగోలా కదిపేసి విమానం ఎక్కేస్తే, ఆ పెదాల మీద ప్రేమో కోపమో పుట్టింటి బెంగో తెచ్చి అతికించే బాధ్యత సత్యలక్ష్మిది. కూరగాయల బండి దగ్గర నిలబడి "బెండకాయలు లేతవేనా బాబూ?" అని అడిగితే, ఎవరో తార వచ్చిందనుకుని బండివాడు గభాలున తలెత్తేవాడు. నేతచీరలో, గుడ్డసంచీతో నిలబడ్డ నడివయసు మనిషిని చూసి కాస్త నీరుగారిపోయి, బెండకాయలు తూచేవాడు. దానికి ఆవిడ నవ్వుకునేదే తప్ప నొచ్చుకునేది కాదు. ఆ గొంతంటే ఆవిడకు గర్వం. ఉండదా మరి? భర్త వరప్రసాద్ పోయాక ఇల్లు గడిపిందీ, కూతుర్ని చదివించి పెళ్ళి చేసిందీ ఆ గొంతే.

ఆ కూతురు చిన్ని ఇప్పుడు పురిటికి వచ్చింది. చిన్నికి కిందటిసారి కడుపు నిలవలేదు, ఐదో నెలలోనే పోయింది. ఈసారి ఏడో నెల దాటింది కాబట్టి అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు, చిన్ని తప్ప. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని సత్యలక్ష్మి పట్టుబట్టి, మోతీనగర్‌లో ఉన్న వియ్యపురాలు భూలక్ష్మిని బతిమాలి మరీ కూతుర్ని తెచ్చుకుంది. ప్రసవమయ్యేదాకా తనను పిలవొద్దని డబ్బింగ్ థియేటర్లన్నిటికీ ఫోన్లు చేసి చెప్పేసింది. సినిమావాళ్ళు ఒకసారి లేదనిపించుకుంటే రెండోసారి మర్యాదకైనా పిలవరని ఆవిడకు తెలుసు. తెలిసీ చెప్పింది. మెత్తబడిన పాత చీరలు ఉతికి, చింపి, పొత్తిగుడ్డలుగా మడిచి బీరువాలో పెట్టింది. ఎండ తగిలే గది ఖాళీ చేసి చిన్నికి మంచం వేసింది. ఆ గదిలో పసిబిడ్డ ఏడుపు వినాలి, బిడ్డకూ తల్లికీ తన చేతులతో నీళ్ళు పోయాలి. ఆవిడకు ఇంకే కోరికా లేదు.

చిక్కల్లా చిన్ని బీపీతో వచ్చింది. జూబ్లీహిల్స్‌లో చూపిస్తున్న డాక్టర్ అరుణజ్యోతి పట్టీ చుట్టి చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మాత్రలు రాస్తున్న. అవి వాటి పని అవి చేస్తయి. కానీ ఈ పిల్ల ఎప్పుడు చూసినా పండ్లు బిగవట్టుకొనే ఉంటది. ఏదో అయితదని భయం. జర రిలాక్స్ కావాలె. అది కూడా మందే అనుకోండ్రి."

అలా అని, నర్సును పంపేసి, డాక్టరమ్మ తనే చిన్నిని మంచం మీద పడుకోబెట్టి నేర్పింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఇంకో చిన్న దిండు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుని, నోటితో అంతకన్నా నెమ్మదిగా వదలాలి. పాదాలు కొంచెం బిగించి వదిలెయ్యాలి. తర్వాత పిక్కలు, తొడలు, పిడికిళ్ళు, భుజాలు, చివరికి దవడలు. ఎక్కడా నొప్పి పుట్టేంతగా బిగించకూడదు. వదిలేటప్పుడు ఆ వదలడం మీదే ధ్యాస ఉంచాలి.

"ఎవరన్న పక్కన కూసొని మెల్లగ చెప్తుంటే ఇంకా మంచిది," అంది డాక్టరమ్మ.

"నేను చెప్తానండీ," అంది సత్యలక్ష్మి.

డాక్టరమ్మ ఆ గొంతు విని ఆగింది. "మిమ్మల్ని యాడనో విన్నట్టుందమ్మా."

"మా అమ్మ డబ్బింగ్ ఆర్టిస్టండీ," అంది చిన్ని పైకప్పు కేసి చూస్తూ.

ఇంకేముంది, డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. ఫలానా సినిమానా, ఫలానా పాత్రా అని ఆరాలు తీసి, "గింత మంచి గొంతు ఇంట్లనే ఉంటే ఇంక ఫికర్ ఏంది?" అని నవ్వింది. సత్యలక్ష్మి పొంగిపోయింది. ఆ మాట అన్నప్పుడు కూతురు నవ్వలేదన్న సంగతి ఆవిడ గమనించలేదు. ఆ సంగతి చాలా రోజుల తర్వాత గుర్తొచ్చి ఆవిడను బాగా కుదిపింది.

ఇంటికి రాగానే పనిలో దిగింది. అద్దం ముందు నిలబడి ఏ గొంతు పెట్టాలా అని ఆలోచించింది. నర్సుల గొంతు పనికిరాదు, అందులో తొందర ఉంటుంది. టీవీలో యోగా చెప్పేవాళ్ళ గొంతు అసలే వద్దు, వినేవాడికి తనేదో తప్పు చేశానన్న భయం పుడుతుంది. అమ్మ గొంతే కావాలి. తల్లి పాత్రలకు వాడే లోగొంతు ఒకటి ఆవిడ దగ్గర ఉంది, దానికి కాస్త తడి కలిపితే సరిపోతుంది. రెండు మూడు రకాలుగా పలికి చూసుకుని, ఒకటి ఖాయం చేసుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక చిన్ని పక్కన కూర్చుంది. "ఎడమ పక్కకు తిరిగి పడుకో తల్లీ... కళ్ళు మూసుకో... ఊపిరి తీసుకో... వదులు... పాదాలు బిగించు... వదిలెయ్... భుజాలు వదిలెయ్ చిన్నీ..." నిజం చెప్పుకోవాలంటే అద్భుతంగా చెప్పింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. పక్కింటి పనిమనిషి కిటికీ అవతల చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చిన్ని చెప్పినవన్నీ చేసింది. భుజాలు మాత్రం చెవుల దగ్గరే ఉన్నాయి.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

సాయంత్రం ఇంట్లో ఉన్న మిషనుతో బీపీ చూస్తే అంకె దిగలేదు. మర్నాడూ దిగలేదు. సత్యలక్ష్మి తప్పు తనదే అనుకుంది. శ్రుతి ఎక్కువైందేమోనని తగ్గించింది. మాటకూ మాటకూ మధ్య ఇంకాస్త ఖాళీ ఇచ్చింది. ఫోన్లో తంబురా పెట్టింది, కిటికీకి మందపాటి తెర వేసింది, గోరువెచ్చని నీళ్ళలో చిన్ని పాదాలు పెట్టించి తనే తుడిచింది. చిన్ని కాదనలేదు. రోజూ "బాగుందమ్మా" అంది. చుట్టాలింట్లో కూర నచ్చకపోయినా బాగుందంటాం చూడండి, అలా అంది.

శనివారం అల్లుడు సృజన్ వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, నెమ్మది మనిషి, మాట్లాడితే సగం మాటలు మింగేస్తాడు. మధ్యాహ్నం సత్యలక్ష్మి ఇద్దరికీ మజ్జిగ కలిపి తెస్తుంటే, ఓరగా వేసిన తలుపు వెనక అతని గొంతు వినబడింది.

"ఎడమ దిక్కు తిరుగు. తిరిగినవా? ఆఁ. ఇప్పుడు పాదం బిగవట్టు. ఏ పాదం అంటే... రెండూ బిగవట్టు తియ్. వదులు. పిక్కలు అయిపోయినయా? అయ్యో, మోకాళ్ళు మర్చిపోయిన."

"మోకాళ్ళు ఎలా బిగిస్తారు సృజన్?"

"నాకేం ఎరుక? డాక్టరమ్మనడుగు. సరే, మోకాళ్ళు ఇడిచిపెడ్దాం. భుజాలు కిందికి దించు. గట్ల కాదు, మీ మేనేజర్ లీవు ఇచ్చిండు అనుకొని దించు."

చిన్ని పకపకా నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆగింది, మాటలూ తగ్గాయి. కాసేపటికి సత్యలక్ష్మి తలుపు సందులోంచి చూసింది. చిన్ని నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. సృజన్ ఆ సంగతి చూసుకోకుండా "దవడలు... దవడలు వదులు" అని ఫోన్లో ఏదో చూసుకుంటూ చెప్పుకుపోతున్నాడు. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఊపిరి తీసుకోవలసిన చోట మాట, మాట పలకాల్సిన చోట ఊపిరి. థియేటర్లో అయితే సౌండ్ ఇంజనీరు మొదటి వాక్యానికే ఇంటికి పంపేసేవాడు. ఆ సాయంత్రం అంకె దిగింది.

సత్యలక్ష్మి సంతోషించింది. దేవుడికి దండం పెట్టుకుంది. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు. అల్లుడి మీద అసూయేమిటి, నలుగురు వింటే నవ్వుతారు అని తనను తాను తిట్టుకుంది.

తర్వాతి శనివారం ఆడిట్ ఉందని సృజన్ రాలేకపోయాడు. పొద్దుటి నుంచీ చిన్ని ఫోన్ చూసుకుంటూ దిగులుగా ఉంది. అప్పుడు సత్యలక్ష్మికి ఆ ఆలోచన వచ్చింది. ఇంకే తల్లికీ రాని ఆలోచన. ఆవిడ వృత్తిలోనే పుట్టగలిగిన ఆలోచన. అల్లుడి గొంతులో చిన్నికి ఏది నచ్చిందో పట్టుకుంటే సరి. ఆవిడ చెవి అప్పటికే పట్టేసింది. కొంచెం ముక్కుతో పలుకుతాడు, వాక్యం చివర గొంతు జారవిడుస్తాడు, 'ఆఁ' అనే ముందు చిన్నగా గుటక వేస్తాడు. మధ్యాహ్నం చిన్ని పడుకోగానే పక్కన కూర్చుని మొదలుపెట్టింది.

"ఎడమ దిక్కు తిరుగు. తిరిగినవా? ఆఁ. ఇప్పుడు పాదం బిగవట్టు..."

అచ్చు సృజనే. కళ్ళు మూసుకుంటే తేడా చెప్పలేరు. మోకాళ్ళ దగ్గర కావాలనే తడబడింది. చిన్ని నవ్వుతుందని ఒక్క క్షణం ఆగింది.

చిన్ని కళ్ళు తెరిచింది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని మెల్లగా లేచి కూర్చుంది.

"ఇది కూడానా అమ్మా?"

"ఏంటే? నవ్విద్దామనీ..."

"నీ మైకు ముందుకు రానిది నాకు ఒక్కటంటే ఒక్కటి ఉంది. అదీ తీసేసుకున్నావు."

సత్యలక్ష్మికి ఏమీ అర్థం కాలేదు. చిన్ని అరవలేదు. డాక్టరు చెప్పినట్టు ఊపిరి తీసుకుంది, వదిలింది, ఆ తర్వాతే మాట్లాడింది.

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు మిట్టమధ్యాహ్నం స్టూడియో నుంచి ఇంటికొచ్చావు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, 'నువ్వు లేకపోతే ఈ అమ్మ ఏమైపోతుందే తల్లీ' అని వెక్కి వెక్కి ఏడ్చావు. నేను చచ్చిపోబోతున్నానేమో, ఆ సంగతి నీకు ఎవరో చెప్పారేమో అనుకున్నాను. నీకంటే ఎక్కువ ఏడ్చాను. నువ్వు కళ్ళు తుడుచుకుని, సంచీ తీసుకుని మళ్ళీ వెళ్ళిపోయావు. గుర్తుందా?"

గుర్తు లేదు. చిన్ని చెప్తుంటే నెమ్మదిగా గుర్తొచ్చింది. బిడ్డ జబ్బు పడిన తల్లి సన్నివేశం. పొద్దుటి నుంచి ఎన్ని టేకులు తీసినా "ఏడుపు పొడిగా ఉందమ్మా" అంటూ సౌండ్ ఇంజనీర్ తిరుమలేశ్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. స్టూడియో పక్క వీధిలోనే ఇల్లు. భోజనం వేళ పరుగున వచ్చి, పిల్లను పొదువుకుని ఆ డైలాగు చెప్పింది. ఏడుపు తన్నుకొచ్చింది. అది ఆరిపోకముందే థియేటరుకు పరిగెత్తింది. ఆ రోజు తిరుమలేశ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ కథను ఆవిడ ఎన్నిసార్లు ఎంతమందికి గొప్పగా చెప్పుకుందో! పిల్ల పక్కనే ఆడుకుంటుండగా కూడా చెప్పుకుంది.

"ఆ సినిమాకి నన్ను తీసుకెళ్ళావు," అంది చిన్ని. "తెర మీద ఎవరో ఆవిడ ఎవరో పిల్లను పట్టుకుని నాకు చెప్పిన మాటే చెప్పింది, నీ గొంతుతో. హాలంతా ముక్కులు చీదుతున్నారు. నేను నీకేసి చూశాను. నువ్వు తల ఒక పక్కకి వంచి, పెదాలు కలిశాయా లేదా అని చూస్తున్నావమ్మా."

"చిన్నపిల్లవి, నీకేం తెలుస్తుందిలే అనుకున్నానే."

"తర్వాత ఇంకా చాలాసార్లు చేశావు. కోపం, లాలన, అన్నీ. నాతో మాట్లాడుతున్నావో, నా మీద సరిచూసుకుంటున్నావో తెలిసేది కాదు. నాన్న పోయినప్పుడు నేను నీ దగ్గరికి రాలేదు, గుర్తుందా? అందరూ ఇదేం రాతిగుండె పిల్ల అన్నారు."

అది సత్యలక్ష్మికి బాగా గుర్తుంది. భర్త శవం పక్కన తను పడి ఏడుస్తుంటే, పద్నాలుగేళ్ళ కూతురు గోడకు ఆనుకుని కదలకుండా నిలబడింది. ఆ నిలబడటం ఆవిడ మనసులో ఇన్నేళ్ళూ ముల్లులా ఉండిపోయింది. తండ్రి మీదా, తన మీదా ప్రేమ లేని పిల్ల అని లోలోపల ఒక తీర్పు చెప్పేసుకుంది కూడా.

"నువ్వెప్పుడు కళ్ళు తుడుచుకుని సంచీ తీసుకుంటావా అని చూస్తున్నానమ్మా నేను," అంది చిన్ని. "నువ్వు తీసుకోలేదు. అప్పుడు అర్థమైంది, ఇది నిజం ఏడుపని. అప్పటికి నీ చుట్టూ చుట్టాలు నిండిపోయారు, నాకు నీ దగ్గర చోటు లేకపోయింది."

సత్యలక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుంది. క్షమించు తల్లీ అనాలి. ఇప్పుడు చెప్పేది నిజమే చిన్నీ, నమ్ము అనాలి. నోరు తెరిచింది. ఆ మాట ఎన్ని సినిమాల్లో ఎంతమంది నోట పలికించిందో ఆవిడకే లెక్క తెలియదు. ఏ స్వరంలో అందామన్నా ఆ స్వరం అప్పటికే ఎవరికో ఇచ్చేసింది. ఆవిడ నోరు మూసుకుంది. ఎవరి మీదన్నా పడి బావురుమని ఏడవాలనిపించింది. ఏడిస్తే కూతురు మళ్ళీ గోడకు ఆనుకుని చూస్తుందేమోనన్న భయంతో ఏడుపు మింగేసింది. జన్మలో ఎప్పుడూ ఇంతగా పశ్చాత్తాపపడలేదు.

ఆ తర్వాత ఆవిడ చిన్ని పక్కన కూర్చుని చెప్పడం మానేసింది. మాట్లాడితే తప్పు, మాట్లాడకపోతే అలిగినట్టు. ఇల్లంతా బిగుసుకుపోయింది. సృజన్ సాయంత్రాలు వచ్చి కూర్చున్నా చిన్నికి కళ్ళు మూతపడటం లేదు. అమ్మను నొప్పించానే అన్న దిగులు కొత్తగా వచ్చి కూర్చుంది. డాక్టరమ్మ మళ్ళీ బీపీ చూసి, మాత్ర మోతాదు పెంచి, "ఇంట్ల ఏమయిందో నేనడగ. ఈమెకు యాడ నిమ్మళంగ ఉంటదో ఆడ ఉంచుండ్రి. అంతే," అంది.

ఎక్కడ నిమ్మళంగా ఉంటుందో ముగ్గురికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. కారులో సృజన్ మాత్రం అడగకుండానే "గట్లేం లేదు అత్తమ్మా, చిన్ని మీ దగ్గర్నే ఉంటది," అన్నాడు. చిన్ని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మోతీనగర్ వెళ్ళిపోతానంటే అమ్మ కుప్పకూలిపోతుంది, వెళ్ళకపోతే తను ఉండలేదు. ఈ రెంటి మధ్యా ఆ పిల్ల నలిగిపోతోందని ఆ బిగుసుకున్న మెడ చూస్తేనే తెలుస్తోంది. "నువ్వు వెళ్ళమ్మా, నేనేం అనుకోను" అని సత్యలక్ష్మి మంచి మాటగా చెప్పవచ్చు. కానీ ఆ మంచి మాటను చిన్ని నమ్మదు. త్యాగం చేసే తల్లుల మాటలు తల్లి గొంతులో చాలా విన్నది. వెళ్ళినా, అమ్మ ఒక్కతే కూర్చుని ఏడుస్తోందని అక్కడ కూడా పళ్ళు బిగబట్టుకునే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే సత్యలక్ష్మి ఫోన్ చేతిలో పట్టుకుని కూతురి గదిలోకి వచ్చింది. కొంచెం హడావుడి, కొంచెం మొహమాటం, దాని వెనక దాచలేని ఉత్సాహం.

"ఓ సంగతి చెప్పాలే చిన్నీ. కోప్పడకు మరి. పెద్ద సినిమా వచ్చింది. మూడు భాషల్లో తీస్తున్నారట. రేపట్నుంచి రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా థియేటర్లోనే ఉండాలి. రానంటే వినడం లేదు. నాకూ... వదులుకోవాలని లేదు."

ఆ ఫోన్‌కు ఏ కబురూ రాలేదు. ఏ సినిమా లేదు.

చిన్ని తలెత్తింది. "మరి నా సంగతి?"

"అదే ఆలోచిస్తున్నాను. మీ అత్తగారు మొదట్నుంచీ అడుగుతూనే ఉన్నారు కదా, పోనీ మోతీనగర్ వెళ్తావా? పురుడు పోసుకున్నాక, నా పని కాస్త తెరిపిన పడ్డాక తెచ్చుకుంటాను. ఊళ్ళోనేగా!"

చిన్ని తల్లి మొహంలోకి చూసింది. ఊహ తెలిసినప్పటి నుంచీ తల్లి అన్న ప్రతి మాటనూ అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్న పిల్ల. సత్యలక్ష్మి మొహంలో ఏమీ కదలనివ్వలేదు. చిన్ని ఈ మాటను తిప్పి చూడలేదు. ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. నెలరోజులుగా చెవుల దగ్గరే ఉన్న భుజాలు, ఎవరూ చెప్పకుండానే, కిందికి దిగాయి.

"హమ్మయ్య! నేనూ అదే అడుగుదామనుకుంటున్నానమ్మా. నువ్వు బాధపడతావేమోనని నోరు రాలేదు. నీకేం బాధగా లేదు కదా?"

"బాధేంటే? పనిలో పడ్డానంటే నాకింకేమైనా గుర్తుంటుందా?"

చిన్ని హాయిగా నవ్వింది.

"అది నాకు తెలీదా అమ్మా?"